ఒత్తిడి, మెదడు: తలక్రిందులైన ఒక సిద్ధాంతము

పరీక్ష గంట మ్రోగగానే గుండె దడదడ కొట్టుకొనుట, నోరెండిపోవుట విద్యార్థులందరకు అనుభవమే. ఇది పిరికితనము కాదు. శరీరము ఆపదకు సిద్ధమగుట. హార్వర్డ్ విశ్వవిద్యాలయములో వాల్టర్ కానన్ 1911లో ఒక వింత గమనించెను. కుక్క మొరుగుటకు బెదరిన పిల్లి రక్తములో అడ్రినలిన్ చేరుచుండెను. మూత్రపిండములపై నుండు అధివృక్క గ్రంథులు దీనిని విడుదల చేయును. అప్పుడు గుండె వేగము హెచ్చును. కండరములకు రక్తము, చక్కెర సమృద్ధిగా అందును. పోరాడుటకో, పారిపోవుటకో ఈ ఏర్పాటు.

ఆపద తొలగకున్నచో ఏమగును? 1936లో కెనడాలోని మాంట్రియల్ నగరమున హాన్స్ సెల్యీ ఎలుకలను చలికి, గాయములకు, మితిమీరిన శ్రమకు గురిచేసి చూచెను. కారణము ఏదైనను ఫలితమొక్కటే: అధివృక్క గ్రంథులు పెరిగెను, థైమస్ గ్రంథి కుంచించుకొనెను, జీర్ణాశయములో పుండ్లు పడెను. ఇది చూచినవారికి, కష్టమెంతయో హాని అంతయేనని తోచుట సహజము.

అంతయే కాదని చూపినది మరొక ప్రయోగము. 1967లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ అను ఇరువురు యువకులు దీని ఫలితములను ప్రకటించిరి. రెండు జట్ల కుక్కలకు సమానమైన విద్యుద్ఘాతములు తగిలెను. మొదటి జట్టు తలతో పలకను నొక్కి ఘాతము నాపగలదు. రెండవ జట్టు ఏమి చేసినను ఆగదు. తరువాత రెండింటిని, చిన్న అడ్డు దాటినచో ఘాతము తప్పించుకొనగల పెట్టెలో ఉంచిరి. మొదటి జట్టు దాటెను. రెండవ జట్టులో చాల కుక్కలు ప్రయత్నము మాని అట్లే పడియుండెను. అవి నిస్సహాయతను నేర్చుకొన్నవని పరిశోధకులు భావించిరి.

మేయర్ అక్కడితో ఆగలేదు. కొలరాడో విశ్వవిద్యాలయమున ఎలుకల మెదడును పరీక్షించెను. ఘాతము తగిలినప్పుడు మెదడు కాండములోని రాఫే కేంద్రకము ఉద్రేకించి సెరటోనిన్‌ను విడుదల చేయును, ప్రాణి చతికిలపడును. చక్రము త్రిప్పి ఘాతము నాపగల ఎలుకలో మాత్రము మెదడు ముందు భాగము ఆ కేంద్రకమును అణచును. 2005లో ప్రకటించిన ప్రయోగములో ఆ ముందు భాగమును మందుతో మొద్దుబార్చిరి. ఎలుక చక్రము త్రిప్పి ఘాతము నాపినది. అయినను తరువాత నిస్సహాయముగనే ప్రవర్తించినది! చేతలో ఫలితమున్నదని మెదడు గుర్తింపనిదే రక్షణ లేదన్నమాట. ఒకమారు అట్లు గుర్తించిన ఎలుక, తరువాత తన వశము కాని ఘాతములను సైతము తట్టుకొనినది.

2016లో ఆ ఇరువురే తమ పాత సిద్ధాంతమును తలక్రిందులు చేసిరి. నిస్సహాయత నేర్చుకొన్నది కాదు. ఎడతెగని కష్టమునకు అది సహజమైన ప్రతిచర్య. నేర్చుకొనవలసినది, తన ప్రయత్నమునకు ఫలితము కలదను సంగతి. యాబది ఏండ్లు తమకు పేరు తెచ్చిన మాటను తామే దిద్దుకొనుట శాస్త్రజ్ఞులకు శోభ.

ఎలుక మనిషి కాదు; తొందరపడి పోల్చరాదు. అయినను ఉపాధ్యాయులు ఒక విషయము గమనింపవలెను. కష్టపెట్టినచో పిల్లలు గట్టిపడుదురని ఈ ప్రయోగములు చెప్పలేదు. రెండు జట్లకును కష్టము సమానమే గదా! భేదమంతయు, తన చేతితో దానిని కొంతయైన మార్చగలుగుటలో ఉన్నది. లెక్క తప్పిన విద్యార్థిని మందలించి కూర్చుండబెట్టుట ఒక పద్ధతి. తప్పెక్కడ జరిగినదో అతనిచేతనే కనిపెట్టించి, దిద్దించుట మరొక పద్ధతి.