సూదిమందు, సమ్మతి, వలస: తెలుగునాట హార్మోన్ గర్భనిరోధకాల చరిత్రలో పటాన్‌చెరు ఘట్టం

ఉపోద్ఘాతం

భారతదేశంలో కుటుంబ నియంత్రణ చరిత్రను పరిశీలించినవారి దృష్టి ప్రధానంగా రెండు అంశాలపై నిలిచింది. ఒకటి జనాభా లెక్కలు, రెండవది అత్యవసర పరిస్థితి నాటి నిర్బంధ శస్త్రచికిత్సలు. ఈ రెంటి నడుమ హార్మోన్ గర్భనిరోధకాల కథ మరుగున పడింది. వాటిని వాడినవారి సంఖ్య తక్కువ కావడం అందుకు ఒక కారణం కావచ్చు. అయినా స్త్రీ తన శరీరం గురించి తీసుకునే నిర్ణయంలో ప్రభుత్వం పాలు ఎంత, వైద్యుడి పాలు ఎంత, ఆమె పాలు ఎంత అన్న ప్రశ్న బట్టబయలైనది ఈ కథలోనే.

ఎంపిక అన్న మాటలో మూడు షరతులు ఇమిడి ఉన్నాయి. ఒకటికి మించిన సాధనాలు అందుబాటులో ఉండాలి. వాటి గుణదోషాలు తెలిసి ఉండాలి. వద్దనుకున్న రోజున మానేయగలగాలి. మొదటి రెండింటి గురించి విస్తారంగా చర్చ జరిగింది. మూడవదాని మీద అంత శ్రద్ధ కనిపించదు. మాత్రను స్త్రీ ఏ పూటైనా మానేయవచ్చు. సూదిమందు ఒకసారి ఒంట్లోకి వెళ్లాక దాని గడువు తీరేదాకా వెనక్కి తీయలేరు. శస్త్రచికిత్సలో ఆ ప్రశ్నే దాదాపుగా ఉండదు. 1985లో మెదక్ జిల్లా పటాన్‌చెరులో తలెత్తిన వివాదాన్ని ఈ మూడవ షరతు వైపు నుంచి చూస్తే దాని ప్రాధాన్యం మరింత స్పష్టమవుతుంది.

మాత్ర వచ్చిన దారి

హార్మోన్ గర్భనిరోధకం పుట్టుకలోనే సమ్మతి సమస్య ఉంది. గ్రెగరీ పింకస్, జాన్ రాక్‌లు రూపొందించిన మాత్రను 1956లో ప్యూర్టో రికోలోని రియో పియెద్రాస్ గృహసముదాయంలో పేద స్త్రీలపై పెద్ద ఎత్తున పరీక్షించారు. గర్భం రాకుండా చేసే మందు అని వారికి తెలుసు. అది ఇంకా ప్రయోగదశలో ఉన్నదన్న సంగతి సరిగా తెలియదు. 1960లో అమెరికా ప్రభుత్వం గర్భనిరోధకంగా అనుమతించిన ఎనోవిడ్ మాత్రలో 10 మిల్లీగ్రాముల ప్రొజెస్టిన్ ఉండేది. తరువాతి దశాబ్దాలలో మోతాదు ఎంతో తగ్గింది. భారత ప్రభుత్వం పంపిణీ చేసిన మాలా-ఎన్, తక్కువ ధరకు అమ్మించిన మాలా-డి మాత్రలలో లెవోనార్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు, ఇథినైల్ ఈస్ట్రడయాల్ 0.03 మిల్లీగ్రాములు మాత్రమే. 28 మాత్రల అట్టలో 21 హార్మోన్ మాత్రలు, మిగిలిన 7 ఇనుము మాత్రలు. రక్తహీనత ఇంటింటా ఉన్న దేశంలో ఆ ఏడు మాత్రల చోటును వృథా పోనివ్వకపోవడం తెలివైన ఏర్పాటు.

పడమటి దేశాలలో తిండికి లోటులేని స్త్రీలను దృష్టిలో ఉంచుకొని తయారైన మందు అరకొర తిండి తినే కూలి స్త్రీ ఒంట్లో ఎలా పనిచేస్తుంది? ఈ ప్రశ్నను శాస్త్రీయంగా అడిగినవారిలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ముఖ్యులు. 1970, 80 దశకాలలో వారు మాత్రలు వాడే పేద స్త్రీలలో బి-విటమిన్ల స్థితిని పరిశీలించారు. తెలుగునాట జరిగిన ఈ కృషికి వైద్య పత్రికల వెలుపల తగిన గుర్తింపు రాలేదు.

అయితే అధికార యంత్రాంగానికి మాత్ర మీద నమ్మకం కుదరలేదు. రోజూ గుర్తుపెట్టుకొని వేసుకోవడం చదువురాని స్త్రీల వల్ల కాదన్న అభిప్రాయం బలంగా ఉండేది. ఇందులో కొంత వాస్తవం, అంతకంటే ఎక్కువ చిన్నచూపు ఉన్నాయి. తిథులు, వారాలు, ఉపవాసాలు తప్పకుండా లెక్కించుకొనే స్త్రీలకు రోజుకొక మాత్ర లెక్క అందదనడం విడ్డూరమే. అసలు చిక్కు లెక్కలో లేదు. మాత్ర ఆమె చేతిలో ఉంటుంది. వేసుకున్నదీ లేనిదీ లక్ష్యాలు పూర్తి చేయవలసిన ఉద్యోగికి తెలియదు.

సూది వైపు మొగ్గు

1965లో ఆర్భాటంగా మొదలైన లూప్ కార్యక్రమం రక్తస్రావం, నొప్పి వంటి బాధలను పట్టించుకునేవారు లేక దెబ్బతిన్నది. అత్యవసర పరిస్థితిలో 1976-77 సంవత్సరంలోనే 82 లక్షలకు పైగా స్టెరిలైజేషన్లు జరిగాయి. వాటిలో అధికభాగం పురుషులకు చేసినవి. 1977 ఎన్నికల ఫలితం తరువాత పురుషుల జోలికి వెళ్లడానికి ఏ ప్రభుత్వమూ సాహసించలేదు. భారమంతా స్త్రీల మీదికి మళ్లింది. ఈ నేపథ్యంలోనే దీర్ఘకాలం పనిచేసే సూదిమందు ఆకర్షణీయంగా కనిపించింది. నార్‌ఎథిస్టెరోన్ ఎనాంథేట్, వాడుకలో నెట్-ఎన్, 200 మిల్లీగ్రాముల నూనెమందు. కండరంలోకి ఎక్కిస్తే దాదాపు రెండు నెలలు అండం విడుదలను ఆపుతుంది. భర్తకుగానీ అత్తకుగానీ తెలియకుండా వేయించుకునే వీలుండటం స్త్రీకి లాభమే. కానీ అది ఇచ్చేవారి చేతిలోని సాధనం. నెలసరి క్రమం తప్పినా, ఎడతెగక రక్తస్రావమైనా గడువు తీరేదాకా ఓర్చుకోవలసిందే.

పటాన్‌చెరులో జరిగినది

భారత వైద్య పరిశోధన మండలి నెట్-ఎన్ పరీక్షలను 1980 దశకం మధ్యనాటికి పెద్ద ఆసుపత్రుల నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు విస్తరించింది. మందు పనిచేస్తుందా అన్నదానికంటే గ్రామీణ కేంద్రాల ద్వారా దానిని ఇవ్వడం సాధ్యమేనా అన్నది అప్పటి ప్రధాన ప్రశ్న. హైదరాబాదు పొలిమేరలోని పటాన్‌చెరు అటువంటి కేంద్రాలలో ఒకటి. 1985లో అక్కడ శిబిరం ఏర్పాటైనప్పుడు హైదరాబాదుకు చెందిన స్త్రీ శక్తి సంఘటన సభ్యులు వెళ్లి పరిశీలించారు. వచ్చిన స్త్రీలకు తాము ఒక పరీక్షలో భాగమవుతున్నామన్న సంగతి తెలియదని వారు గుర్తించారు. గర్భం రాకుండా సూది వేస్తారన్నదే ఆ స్త్రీలకు తెలిసిన విషయం. మందు ప్రయోగదశలో ఉన్నదని, దుష్ఫలితాలు ఉండవచ్చునని వివరించిన తరువాత చాలామంది సూది వేయించుకోకుండా వెనుదిరిగారని సంఘటన కథనం.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మానవులపై జరిగే పరిశోధనలలో పాటించవలసిన నైతిక సూత్రాలను వైద్య పరిశోధన మండలి 1980లోనే ప్రకటించింది. అందువల్ల పటాన్‌చెరు ఘట్టాన్ని నియమాలు లేని కాలపు పొరపాటుగా తీసివేయడానికి వీల్లేదు. నియమం ఢిల్లీలో కాగితం మీద ఉన్నది. పటాన్‌చెరులో దానిని స్త్రీలకు అర్థమయ్యే తెలుగులో చెప్పే బాధ్యత ఎవరిదన్నది మాత్రం తేలలేదు.

1986లో స్త్రీ శక్తి సంఘటన, ఢిల్లీలోని సహేలీ, అహ్మదాబాదులోని చింగారీ మరికొందరితో కలిసి సుప్రీంకోర్టులో రిట్ పిటిషన్ దాఖలు చేశాయి. మందు భద్రత, సమ్మతి, పరీక్షల తీరు ఈ మూడింటినీ పిటిషన్ ప్రశ్నించింది. కేసు పద్నాలుగేళ్లు నడిచింది. 2000 ఆగస్టులో అది ముగిసేనాటికి, కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో నెట్-ఎన్‌ను సామూహికంగా వాడటం తగదని, తగిన సలహా, తదుపరి పర్యవేక్షణ ఉన్నచోటనే వాడాలని ప్రభుత్వం అంగీకరించింది.

ఈలోగా రెండవ సూదిమందు రంగంలోకి దిగింది. డెపో-ప్రొవేరాకు, అంటే 150 మిల్లీగ్రాముల డీఎంపీఏకు, 1993లో దేశంలో అమ్మకపు అనుమతి లభించింది. ప్రైవేటు వైద్యుల వద్ద దొరికినా, 1995లో ఔషధ సాంకేతిక సలహా మండలి దానిని ప్రభుత్వ కార్యక్రమంలో చేర్చవద్దని సూచించింది. డబ్బున్న స్త్రీకి అందుబాటులో ఉన్నది పేద స్త్రీకి నిరాకరించడం న్యాయమా అన్న వాదం అప్పటి నుంచి వినిపిస్తూనే ఉన్నది.

ఉద్యమ వాదన బలాబలాలు

మహిళా సంఘాల వాదనలో రెండు పాయలు కలిసిపోయి ఉన్నాయి. మందే ప్రమాదకరమన్నది ఒకటి. మన ఆరోగ్య వ్యవస్థ ఆ మందును ఇవ్వడానికి తగినది కాదన్నది మరొకటి. మొదటి పాయ కాలక్రమంలో కొంత బలహీనపడింది. బీగిల్ జాతి కుక్కలలో కనిపించిన రొమ్ము కణితులు డెపో మీద తీవ్ర భయాన్ని రేపాయి. తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపించిన అధ్యయనం స్త్రీలలో మొత్తంమీద రొమ్ము క్యాన్సర్ ముప్పు గణనీయంగా పెరగలేదని, ఇటీవలే వాడకం మొదలుపెట్టినవారిలో మాత్రం కొంత హెచ్చు ఉన్నదని తేల్చింది. మరోవైపు ఎముకల సాంద్రత తగ్గుతుందన్న ఆందోళన నిజమైంది. 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మేరకు తీవ్ర హెచ్చరికను మందుతో జతచేయించింది. మానేసిన తరువాత సాంద్రత చాలావరకు తిరిగి వస్తుందన్నదీ అంతే నిజం. గర్భధారణ శక్తి మరలి రావడానికి చివరి సూది నుంచి తొమ్మిది, పది నెలలు పట్టవచ్చు. పెళ్లయిన వెంటనే బిడ్డ కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూసే సమాజంలో ఈ ఆలస్యం గురించి ముందే చెప్పకపోతే ఆ స్త్రీకి గొడ్రాలన్న నింద తప్పదు.

రెండవ పాయ మాత్రం ఈనాటికీ చెక్కుచెదరలేదు. కోర్టులో చివరకు నిలిచినదీ అదే. ఆ ఉద్యమం చేసిన మరొక పని కోర్టు కాగితాలలో కనిపించదు. స్త్రీల శరీర ధర్మాలను, మందుల గుణదోషాలను తేటతెలుగులో వివరించిన ‘సవాలక్ష సందేహాలు’ ఆనాటి హైదరాబాదు స్త్రీవాద కృషి నుంచి వెలువడిన గ్రంథమే. పటాన్‌చెరు శిబిరంలో లోపించినది సరిగ్గా అటువంటి సమాచారమే. తెలుగు స్త్రీవాద సాహిత్య చరిత్రలు కవిత్వానికి, కథకు ఇచ్చిన స్థానాన్ని ఈ వైద్య వాఙ్మయానికి ఇవ్వకపోవడం లోపమే.

ఆపరేషన్ల రాష్ట్రం

సూదిమందు ఆగినంత మాత్రాన తెలుగు స్త్రీలకు ఎంపిక విస్తరించలేదు. 1997లో జనాభా విధానాన్ని ప్రకటించిన ఆంధ్రప్రదేశ్‌లో 2005-06 నాటికి సంతాన సాఫల్య రేటు 1.79కి దిగింది. ఇది దాదాపు పూర్తిగా కు.ని. ఆపరేషన్ల మీద సాధించినదే. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పునరుత్పత్తి వయసులోని వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైగా శస్త్రచికిత్స చేయించుకున్నవారే. దేశ సగటు 38 శాతం లోపే. చాలామందికి పాతికేళ్లు నిండకముందే ఆపరేషన్ జరిగిపోతున్నది. ఇద్దరు పిల్లలు పుట్టేదాకా ఏమీ వాడకపోవడం, పుట్టగానే ఆపరేషన్ చేయించుకోవడం అన్నదే ఇక్కడి ఆనవాయితీ. కాన్పుకూ కాన్పుకూ ఎడం పాటించే సాధనాలు ఈ వరుసలో ఇమడలేదు. సూదిమందును ప్రతిఘటించిన ఉద్యమం శస్త్రచికిత్స ఆధిపత్యాన్ని అంతే బలంగా నిలువరించలేకపోయిందన్న విమర్శలో న్యాయముంది. అయితే లక్ష్యాల ఒత్తిడితో నడిచిన యంత్రాంగం చేతికి సూదిమందు కూడా వచ్చి ఉంటే ఎంపిక పెరిగేదన్న హామీ కూడా లేదు.

కదిలే స్త్రీ, కదలని సేవ

ప్రతి హార్మోన్ సాధనం దానిని వాడే స్త్రీ ఎక్కడ ఉంటుందన్న విషయమై ఒక ఊహ మీద నిలిచి ఉంటుంది. మాత్రకు సరఫరా చాలు. అట్టలు వెంట ఉంటే ఊరు మారినా ఇబ్బంది లేదు. ఉద్యోగరీత్యా అమెరికా వెళ్లే తెలుగు స్త్రీకి దాదాపు పది గంటల కాలభేదం ఎదురైనా, ఈస్ట్రోజెన్ కలిసిన మిశ్రమ మాత్ర కొన్ని గంటలు ఆలస్యమైనందువల్ల రక్షణ పోదు. పాతతరం ప్రొజెస్టిన్ మాత్రకు మాత్రం మూడు గంటలే వెసులుబాటు. దారిలో వాంతులైతే మాత్ర ఒంటబట్టదు. మిశ్రమ మాత్ర వాడేవారు సుదీర్ఘ విమాన ప్రయాణంలో కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పును దృష్టిలో ఉంచుకొని మధ్యమధ్య లేచి నడవాలి. ఇవన్నీ చదువుకున్న స్త్రీ వైద్యురాలిని అడిగి తెలుసుకోగలిగినవే.

పాలమూరు నుంచి మేస్త్రీ వెంట పుణే, ముంబై నిర్మాణ పనులకు వెళ్లే స్త్రీ సంగతి వేరు. 2015లో సలహా మండలి తన అభిప్రాయాన్ని మార్చుకున్నది. 2017లో డీఎంపీఏ ‘అంతర’ పేరుతో ప్రభుత్వ కేంద్రాలకు వచ్చింది. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ కనుగొన్న, హార్మోన్ కాని సెంట్‌క్రోమన్ మాత్ర ‘ఛాయ’గా దానికి తోడైంది. ఛాయను మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తరువాత వారానికొకసారి వేసుకోవాలి. అంతర మూడు నెలలకొకసారి. గడువుకు రెండు వారాల ముందుగానీ, నాలుగు వారాల తరువాతి వరకుగానీ తదుపరి సూది వేయించుకోవచ్చు. పని కోసం ఆరు నెలలు ఊరు విడిచిన స్త్రీకి ఈ వెసులుబాటు కలుపుకున్నా కనీసం ఒక సూది పొరుగు రాష్ట్రంలో పడాలి.

ఆమె పేరు, మొదటి సూది తేదీ ఉన్న రిజిస్టరు సొంత ఊరి ఉపకేంద్రంలో ఉంటుంది. ఆమెను పేరుపెట్టి పిలిచే ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్త అక్కడే ఉంటారు. పని చేసే చోట కేంద్రం ఎక్కడుందో తెలియదు, తెలిసినా ఆ పూట కూలి పోతుంది, వెళ్లినా రక్తస్రావం గురించి మరాఠీలో చెప్పుకోవాలి. 2000లో ప్రభుత్వం అంగీకరించిన తదుపరి పర్యవేక్షణ అన్న షరతు ఊళ్లో స్థిరంగా ఉండే స్త్రీకి కొంతవరకు నెరవేరుతున్నది. వలస వెళ్లే స్త్రీకి మిగిలేది ఆమె చేతిలోని అంతర కార్డు. తదుపరి సూది తేదీ అందులో రాసి ఉంటుంది.