గోడ మింగిన ఇంధనం: టంగ్‌స్టన్‌లో ఇరుక్కునే హైడ్రోజన్ కథ

ఈ ఎపిసోడ్ శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో, బోర్డింగ్ గేట్ దగ్గర కూర్చుని రికార్డ్ చేస్తున్నా. మధ్యలో అనౌన్స్‌మెంట్లు వినబడితే ఏమీ అనుకోకండి. ఇవాళ్టి సబ్జెక్ట్‌కి ఈ చోటే కరెక్ట్, ఎందుకో కాసేపట్లో చెప్తా.

ముందు 1997కి వెళ్దాం. ఇంగ్లండ్‌లో జెట్ అనే ఫ్యూజన్ మెషీన్ ఉండేది. సూర్యుడి పని భూమ్మీద చేయించాలని డ్యుటీరియం, ట్రిటియం అనే రెండు రకాల బరువైన హైడ్రోజన్‌ని అందులో కలిపి మండించారు. 16 మెగావాట్ల పవర్ వచ్చింది. పేపర్లన్నీ అదే రాశాయి. నాకు మాత్రం హెడ్‌లైన్ కన్నా జమాఖర్చు ఇంట్రెస్టింగ్‌గా అనిపించింది. లోపలికి పంపిన ట్రిటియం దాదాపు 35 గ్రాములు. ప్రయోగాలు అయ్యాక, ప్రత్యేకంగా క్లీనింగ్ చేశాక కూడా 6 గ్రాముల దాకా బయటికి రాలేదు. గోడ మింగేసింది!

ఆరు గ్రాములేగా అంటారేమో. ట్రిటియం ప్రకృతిలో దాదాపు దొరకదు, ఎక్కువగా భారజల రియాక్టర్లలోనే పుడుతుంది. దాచుకుందామన్నా 12.3 ఏళ్లకి సగం అయిపోతుంది. పైగా రేడియోధార్మికం. అంటే గోడలో ఉన్నది అటు పోయిన ఇంధనం, ఇటు సేఫ్టీ సమస్య కూడా.

అప్పటి గోడ కార్బన్‌ది. కరగదు కాబట్టి అదే బెస్ట్ అనుకున్నారు. కానీ హైడ్రోజన్‌కి కార్బన్ అంటే మహా ఇష్టం. కలిసి కొట్టుకుపోయి, చల్లగా ఉన్న మూలల్లో గిన్నె అడుగున మాడులాగా పేరుకుంది. ట్రిటియం ఆ మాడులో చిక్కింది. చివరికి జెట్ వాళ్లు గోడంతా పీకేసి బెరీలియం, టంగ్‌స్టన్ బిగించి 2011లో మళ్లీ స్టార్ట్ చేశారు. చిక్కుకునే ఇంధనం పది రెట్లకు పైగా తగ్గింది. మన దేశం కూడా పార్ట్‌నర్‌గా ఫ్రాన్స్‌లో కడుతున్న ఇటర్‌లో, వేడి ఎక్కువగా తగిలే డైవర్టర్‌కి మొదటి నుంచీ టంగ్‌స్టనే వాడాలని 2013లో తేల్చారు. మిగతా గోడకి అనుకున్న బెరీలియం కూడా వద్దని 2023లో మార్చారు. అక్కడ లోపల చిక్కుకున్న ట్రిటియం 700 గ్రాములు దాటకూడదని రూల్.

మరి టంగ్‌స్టన్‌లో హైడ్రోజన్ ఎందుకు ఆగదు? ఈ టెర్మినల్‌లో ఒక్క కుర్చీ కూడా లేదనుకోండి. జనం ఆగరు, నడుస్తూ వెళ్లిపోతారు. అణువులన్నీ వరసలో ఉన్న టంగ్‌స్టన్ అలాంటిదే. హైడ్రోజన్ దూరుతుంది, తిరుగుతుంది, బయటికి వచ్చేస్తుంది. ఒక టంగ్‌స్టన్ అణువు తప్పిపోయి ఖాళీ ఏర్పడితే మాత్రం అదే కుర్చీ. ఒక్క కుర్చీలో ఐదారు హైడ్రోజన్లు సర్దుకుంటాయి, అచ్చం మన సిటీ బస్సు. లోహాన్ని బాగా వేడి చేస్తే తప్ప లేవవు.

అసలు తలనొప్పి ఇక్కడుంది. ఫ్యూజన్‌లో పుట్టే న్యూట్రాన్లే లోహం లోపలికి దూసుకెళ్లి అణువుల్ని తన్నేస్తాయి. అంటే మెషీన్ నడిచేకొద్దీ కుర్చీలు పెరుగుతాయి, అదీ పైపైన కాదు, లోతు దాకా. జెట్‌లో న్యూట్రాన్ల దెబ్బ చాలా తక్కువ. కాబట్టి అక్కడ టంగ్‌స్టన్‌కి వచ్చిన మంచి మార్కుల్ని రేపటి రియాక్టర్‌కి అలాగే వేసేయడం తొందరపాటే అని నా అభిప్రాయం. అన్నేళ్ల పాటు అంత న్యూట్రాన్ వర్షం కురిపించే చోటు ఇంకా లేదు. అందుకే గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థ ఐపీఆర్ వాళ్లు టంగ్‌స్టన్ రేకుల్ని బంగారం లాంటి బరువైన అయాన్లతో కొట్టి, ఎంత డ్యుటీరియం చిక్కుతుందో చూశారు.

ఇదంతా ఎక్కడో జరిగే కథ కాదండీ. ఇక్కణ్నుంచి పహాడీ షరీఫ్ మీదుగా సిటీలోకి వెళ్తే కంచన్‌బాగ్ వస్తుంది. అక్కడి ఎన్ఎఫ్‌టీడీసీ, ఐపీఆర్‌తో కలిసి డైవర్టర్ నమూనాల మీద పనిచేసింది. రాగి మిశ్రమం పైపులో నీళ్లు పారుతుంటే, దాని చుట్టూ టంగ్‌స్టన్ దిమ్మలు ఉంటాయి. ఇక డ్యుటీరియం సంగతి. గోదావరి దగ్గర మణుగూరులో భారజలం తయారవుతోంది కదా, ఆ నీళ్ల బరువు డ్యుటీరియం వల్లే.

గోడలో కూర్చున్న ట్రిటియాన్ని లేపే పద్ధతులు, ముఖ్యంగా గోడని కాల్చడం, డ్యుటీరియంతో కడగడం, వచ్చే ఎపిసోడ్‌లో చెప్తా. నా ఫ్లైట్ పిలుస్తున్నారు.