త్రసరేణువు నుండి హెపా వడపోత వరకు

ఉదయపుటెండ కిటికీ సందుగుండా గదిలోకి వాలినప్పుడు, ఆ వెలుగుబాటలో తేలియాడే నలుసులను చిన్నతనంలో మనమందరం చూసినవాళ్ళమే. పట్టబోతే చేతికి చిక్కవు. ఆ నలుసుకు మన పూర్వులు త్రసరేణువని పేరు పెట్టారు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలో తూనికల ప్రస్తావన వచ్చినచోట, కొలతలన్నిటికీ మొదటిదిగా దీనినే గ్రహించారు. పిల్లలకు ఈ మాటకు అర్థం చెప్పిన రోజుల్లో, ఆ నలుసు ఒకనాడు మా ఇంటి సమస్య అవుతుందని నేననుకోలేదు.

హైదరాబాదులో మా ఇల్లు పెద్దరోడ్డు నానుకొని ఉంది. కొన్నేళ్ళ క్రిందట మా శ్రీమతికి ఉబ్బసం ముదిరితే, మా అబ్బాయి ఒక ఎయిర్ ప్యూరిఫయర్ కొని పంపాడు. రెండు నెలలు అది రాత్రింబవళ్ళు తిరిగింది. ఆమె దగ్గు మాత్రం తగ్గలేదు. ఒకరోజు మూత తెరిచి చూద్దును గదా, ఫిల్టరుకు తొడిగిన ప్లాస్టిక్ సంచి తొడిగినట్టే ఉంది! జీవితమంతా పుస్తకాలు చదివించినవాణ్ణి, యంత్రంతో వచ్చిన నాలుగు పుటల కాగితం చదవలేకపోయాను. ఆ సిగ్గే నన్ను ఈ యంత్రం పూర్వకథ వెదికేలా చేసింది.

కథ ఇంగ్లండులో మొదలుపెట్టవచ్చు. 1854లో జాన్ స్టెన్‌హౌస్ అనే రసాయనవేత్త, కట్టెబొగ్గు నింపిన ముఖకవచం ఒకటి తయారుచేశాడు. దుర్వాయువులను బొగ్గు తనలోకి పీల్చుకుంటుందన్నది దాని సూత్రం. 1870లో జాన్ టిండల్ అనే భౌతికవేత్త లండన్‌లో ధూళినీ రోగాలనూ గురించి ఉపన్యసిస్తూ, చీకటి గదిలో ఒక కాంతిపుంజాన్ని ప్రసరింపజేశాడు. మన త్రసరేణువులే అక్కడా మెరిశాయి. ఆ వెలుగుకు అడ్డంగా అతడు ఊపిరి విడిచాడు. నిశ్వాసం చివరకు వచ్చేసరికి వెలుగుబాటలో నల్లని మచ్చ ఏర్పడింది. అంటే లోతునుండి వచ్చిన గాలిలో ధూళి లేదు. మరి లోపలికి వెళ్ళిన ధూళి ఏమైంది? ఊపిరితిత్తులలోనే నిలిచిపోయింది! దూదిగుండా గాలి పీల్చి విడిచినప్పుడు ఆ నలుపు మొదటినుండే కనిపించింది. ఆ తరువాత అతడు దూదినీ బొగ్గునూ జతచేసి, అగ్నిమాపక సిబ్బందికి ముఖకవచం రూపొందించాడు. నేటి యంత్రంలో ఉన్న రెండు పొరల మూలం ఇదే. ఒకటి ధూళికి, రెండవది వాసనకు.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో విషవాయు కవచాలకోసం మేలైన వడపోత కాగితం తయారైంది. అమెరికా అణుబాంబు ప్రయత్నంలో రేడియోధార్మిక ధూళిని ఆపడానికి కూడా అటువంటి వడపోతే అవసరమైంది. తరువాతి కాలంలో దానికే హెపా అన్న పేరు స్థిరపడింది. విచిత్రమేమంటే, తొలినాటి ఆ కాగితంలో రాతినార, అంటే ఆస్బెస్టాస్ ఉండేది. ఊపిరితిత్తులకు చేటు తెచ్చే ఆ వస్తువు స్థానాన్ని క్రమంగా గాజునార ఆక్రమించింది.

హెపా జల్లెడ వంటిదని చాలామంది అనుకుంటారు, కాని కాదు. పెద్ద రేణువులు నేరుగా పోయి నారకు తగులుతాయి. అతి చిన్నవి అటూ ఇటూ కదలాడుతూ ఏదో ఒక నారకు అంటుకుంటాయి. తప్పించుకొనేవి నడిమివే. అందుకే 0.3 మైక్రాన్ల రేణువులతో పరీక్షిస్తారు. అమెరికా ప్రమాణం ప్రకారం వాటిలో 99.97 శాతం ఆగాలి. మనం కంటితో చూసే త్రసరేణువు కంటె మనను బాధించేది ఎంతో సూక్ష్మం. పీఎం 2.5 అనే ధూళి తలవెంట్రుక మందంలో దాదాపు ముప్ఫయ్యోవంతు కంటె చిన్నది. మనువు కొలత ఆగినచోట నేటి రోగం మొదలవుతుంది.

ఇక కొనేవారికి నాలుగు మాటలు. యంత్రం గది పరిమాణానికి తగినదై ఉండాలి. 120 చదరపు అడుగుల గదికి పది అడుగుల ఎత్తుంటే, లోపలి గాలి సుమారు 34 ఘనమీటర్లు. గంటకు ఐదు మార్లు శుభ్రపడాలంటే 170 ఘనమీటర్ల సామర్థ్యం కావాలి. పెట్టెమీద సీఏడీఆర్ అన్న అంకె చూడండి. అది తిరుగుతున్నంతసేపు తలుపులు మూసి ఉంచాలి. ఫిల్టరు వెల, మార్చవలసిన గడువు ముందే అడిగి తెలుసుకోవాలి. ఓజోను వెలువరించే యంత్రాల జోలికి పోవద్దు, ఆ వాయువే ఊపిరితిత్తులకు హాని. హెపా వడపోత వాయువులనూ వాసనలనూ ఆపలేదు. అందుకు బొగ్గుపొర ఉండాలి.

సాంబ్రాణి పొగ గాలిని శుద్ధి చేస్తుందని మా అమ్మగారి నమ్మకం. సువాసన నిజమే, అందులోని సన్నని ధూళీ నిజమే. ఇప్పుడు మా ఇంట్లో ధూపం పూజగదికే పరిమితం, అదీ కిటికీ తెరిచి.

ఇంతకంటె పెద్ద పాఠం లండన్‌దే. 1952 డిసెంబరులో ఐదు రోజులపాటు బొగ్గుపొగ ఆ నగరాన్ని కమ్మినప్పుడు వేలమంది చనిపోయారు. ఆ జనానికి ఉపశమనం యంత్రాలతో రాలేదు. 1956లో చేసిన స్వచ్ఛవాయు చట్టం పొగ పుట్టేచోటనే దాన్ని అదుపు చేయనారంభించింది. మన దేశంలో 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమపు జాబితాలో హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం కూడా ఉన్నాయి.

సంచి తీసివేసిన తరువాత మా శ్రీమతి రాత్రిళ్ళు కొంత సుఖంగా నిద్రపోతున్నది. మందులు మాత్రం మానలేదు, మానకూడదు కూడా. తెల్లవారుజామున కిటికీ తెరిస్తే, క్రింద రోడ్డు ఊడుస్తున్న ఆమె చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని కనిపిస్తుంది. నూటయేభై ఏళ్ళ క్రిందట టిండల్ దూదితో చేసిన పనే ఆమె కొంగుతో చేస్తున్నది. మా యంత్రం ఒక్క గదిని మాత్రమే కాపాడగలదు. ఆమె గది వీధి.