ఇండోరులో ఒకనాటి దీపావళి

నగర నిర్మాణం అనగానే మన కన్నుల ముందు ఇంజనీరు, కొలగొలుసు, నీలిపటం మెదలుతవి. ఆ పటంలోని వీధులలో కాపురముండే వారి మాట ఆ వెనుకగాని స్ఫురించదు. ఈ వరుసను తారుమారు చేయజూచిన వారిలో స్కాట్లండు జీవశాస్త్రవేత్త పేట్రిక్ గెడ్డిస్ ఒకరు. 1914లో ఆయన నగర ప్రదర్శన పటాలను మోసుకొని వస్తున్న ఓడను జర్మను యుద్ధనౌక ఎమ్డెన్ ముంచివేసినది. మద్రాసుపై గుండ్లు కురిపించిన ఎమ్డెనే! మిత్రులు మరల పటాలు సమకూర్చగా 1915లో మద్రాసులో ప్రదర్శన జరిగినది.

రెండు మూడేండ్ల తరువాత హోల్కరు ప్రభువుల పిలుపుపై ఆయన ఇండోరు చేరినారు. ఊరిలో ప్లేగు. పటం చేతబట్టి సందులు తిరుగుతుంటే జనం వేలు చూపి గొణుగుకొనేవారట, ప్లేగును తెచ్చే ముసలి దొర ఇతడేనని. వారిని మనం నిందించలేము. ప్లేగు పేరిట అధికారులు ఇండ్లలో చొరబడడం, గోడలు కూలగొట్టడం ఆనాడు ఎన్నో నగరాలు చూచినవి.

గెడ్డిస్ మహారాజును ఒక వింత వరమడిగినారు: ఒక్క దినం తనను మహారాజును చేయుమని. వరం దొరికినది. ఈసారి దీపావళి ఊరేగింపు అలవాటైన దారిన పోదనీ, ఏ వీధివారు తమ ఇండ్లను ఎక్కువగా బాగుచేసుకొని శుభ్రపరచుకొంటారో ఆ వీధినే పోతుందనీ చాటించినారు. ఇండ్లలోని చెత్తను ఉచితంగా ఎత్తివేసే ఏర్పాటు జరిగినది. ఇక ఊరంతా ఊడ్పులు, సున్నాలు, మరమ్మతులే.

ఊరేగింపులో మురికికి ప్రతిరూపమైన పెద్ద రాక్షసుడు, ప్లేగుకు గుర్తుగా పెద్ద ఎలుక కదలినవి. ఆ వెనుక తెల్లని బట్టలు కట్టి, పూలదండలు వేసుకొని, కొత్త చీపుళ్లు పట్టి పాకీపనివారు నడిచినారు. వారి బండ్లకూ ఎద్దులకూ అలంకారాలే. ఏ పండుగలోనూ ముందువరుసకు రానివ్వని వారికి ఆనాడు రాజవీధి దక్కినది. పిమ్మట, కట్టబోయే ఇండ్ల నమూనాలు బండ్లపై సాగినవి. రేపటి తమ ఊరిని జనం కన్నులార చూచినారు. చివర రాక్షసుని, ఎలుకను తగులబెట్టినారు.

1918లో అచ్చయిన ఆయన నివేదికలోనూ ఈ ధోరణే కలదు. మురుగును గొట్టాలలో ఎక్కడికో తరలించడంకంటె, వ్యర్థాన్ని ఎరువుగా మార్చి తోటలు పెంచుకొనుట మేలని ఇంజనీర్లతో వాదించినారు.

ఈ కథ మనకు ఎక్కువగా గెడ్డిస్ చెప్పినట్లే దక్కినది. కొంత మెరుగు పెట్టి ఉండవచ్చు. మరొక శంక కూడా మాకు తీరదు: ఏ వీధి గెలిచినదో తేల్చినది ప్రజలా, దొరయా? పౌరులకు చీపురు దక్కినది గాని వోటు దక్కలేదు. అయినను, ఆ పండుగ తరువాత వీధిలో ఆయనను చూపి జనం చెప్పుకొన్న మాట మారినదట: ప్లేగును పోగొట్టిన ముసలి దొర అని.