పడవ పరికరాలు, నౌకాయాన సాఫ్ట్‌వేర్: సమాచార అనుసంధాన చరిత్ర

పడవ ఉన్న చోటును జీపీఎస్ రిసీవర్, కింద నీటి లోతును ఎకో సౌండర్, గాలి దిశనూ వేగాన్నీ తెరచాప కొయ్య మీది పరికరం చెబుతాయి. ఈ కొలతలన్నీ కంప్యూటర్ తెర మీది సముద్ర పటంలోకి చేరాలంటే పరికరాలకూ సాఫ్ట్‌వేర్‌కూ ఉమ్మడి భాష కావాలి. ఆ భాషను రూపొందించినది అమెరికాలోని నేషనల్ మెరైన్ ఎలక్ట్రానిక్స్ అసోసియేషన్. 1957లో ఏర్పడిన ఈ సంఘాన్ని ఎన్‌ఎంఈఏ అంటారు.

తొలి అవసరం చాలా చిన్నది. పడవ నిర్ణీత మార్గం నుంచి ఎంత పక్కకు జరిగిందో పడవ ఉన్న చోటును కనుగొనే లోరాన్-సి రేడియో రిసీవర్ ఆటోపైలట్‌కు చెప్పాలి. 1980ల ఆరంభంలో వచ్చిన 0180, 0182 ప్రమాణాలు లోరాన్ నుంచి ఆటోపైలట్‌కు సమాచారం చేర్చడానికే పనికొచ్చాయి. 1983 నాటి 0183తో అసలు మార్పు వచ్చింది. ఇందులో ప్రతి సందేశం మామూలు అక్షరాల్లో రాసిన ఒక వాక్యం. సాధారణంగా డాలర్ గుర్తుతో మొదలై, పంపిన పరికరాన్ని తెలిపే రెండు అక్షరాలు, సందేశం రకాన్ని తెలిపే మూడక్షరాలు, ఆపై కామాలతో విడదీసిన విలువలు వస్తాయి. చివరి తనిఖీ సంఖ్యతో ప్రసారంలో దొర్లిన తప్పు బయటపడుతుంది. ఒక్కో వాక్యం 82 అక్షరాలు దాటకూడదు. జీపీఎస్ పంపే ఆర్‌ఎంసీ వాక్యంలో సమయం, తేదీ, అక్షాంశ రేఖాంశాలు, వేగం, దిశ అన్నీ ఉంటాయి. కంటితోనే చదవగలిగే ఈ తీరే 0183 ఇన్నేళ్లు నిలవడానికి పెద్ద కారణం.

వేగం మాత్రం తక్కువ: సెకనుకు 4,800 బిట్లు, అంటే సుమారు 480 అక్షరాలు. పైగా ఒక తీగ మీద మాట్లాడేది ఒక్క పరికరమే, మిగతావి వింటాయి. చుట్టుపక్కల ఓడల వివరాలు అందించే ఏఐఎస్ వచ్చాక ఆ వేగం చాలక 38,400 బిట్ల రూపాన్ని వాడుతున్నారు. అనేక పరికరాల వాక్యాలను ఒకే ధారగా కలిపే మల్టీప్లెక్సర్లూ అవసరమయ్యాయి.

తర్వాతి తరం ఎన్‌ఎంఈఏ 2000. కార్ల కోసం బాష్ కంపెనీ రూపొందించిన క్యాన్ బస్ దీనికి ఆధారం. సెకనుకు 2,50,000 బిట్ల వేగంతో, ఒకే కేబుల్ మీద అన్ని పరికరాలూ మాట్లాడుకుంటాయి. ఆ కేబుల్ రెండు కొసల్లో 120 ఓమ్‌ల టెర్మినేటర్లు తప్పనిసరి. సందేశాలు బైనరీలో ఉంటాయి; మామూలు కంప్యూటర్‌కు క్యాన్ బస్ కనెక్షన్ ఉండదు కనుక వాటిని చేర్చడానికి గేట్‌వే పరికరం కావాలి. ప్రమాణ పత్రాలు డబ్బు చెల్లించి కొనాల్సినవి కావడంతో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రచయితలు సందేశాలను పరిశీలించి, వాటి అర్థాన్ని తామే విప్పుకోవాల్సి వచ్చింది. క్యాన్‌బోట్ ప్రాజెక్టు చేసినది ఈ పనే. పడవ సమాచారాన్ని వెబ్ పరిజ్ఞానంతో అందించే సిగ్నల్ కె కూడా బహిరంగ ప్రయత్నమే.

ఓపెన్‌సీపీఎన్ వంటి నౌకాయాన సాఫ్ట్‌వేర్‌లో అనుసంధానం అమర్చేటప్పుడు సీరియల్ పోర్టు, దాని వేగం సరిగ్గా ఎంచుకోవాలి. పరికరం 38,400 వేగంతో పంపుతుంటే సాఫ్ట్‌వేర్‌ను 4,800 దగ్గర ఉంచితే వచ్చేది అర్థంలేని అక్షరాలే. వైఫై ద్వారా అయితే టీసీపీ లేదా యూడీపీ పద్ధతిని, పోర్టు సంఖ్యను ఇవ్వాలి; 0183 కోసం నమోదైన పోర్టు 10110. రెండు జీపీఎస్‌లు ఉంటే దేనికి ప్రాధాన్యమో చెప్పాలి. వచ్చిన వాక్యాలనే తిరిగి అదే దారిన పంపితే అవి అంతులేకుండా తిరుగుతాయి. దీన్ని ఫిల్టర్లతో అడ్డుకోవాలి. విండోస్‌లో మరో చిక్కుంది: ఎడతెగకుండా వచ్చే జీపీఎస్ వాక్యాలను కంప్యూటర్ సీరియల్ మౌస్‌గా పొరబడవచ్చు, అప్పుడు తెర మీది బాణం దానంతట అదే గెంతుతుంది. ఏ సమస్యకైనా తొలి పరీక్ష ఒకటే: వస్తున్న వాక్యాలను నేరుగా చూపే విండో తెరవడం. అక్కడ వాక్యాలు స్పష్టంగా కనిపిస్తే తీగలు, పోర్టు, వేగం సరిగ్గానే ఉన్నట్టు. అయినా పటం మీద పడవ కదలకపోతే ఫిల్టర్లను, ప్రాధాన్యాలను చూడాలి.

ఈథర్‌నెట్ మీద నడిచే వన్‌నెట్ ప్రమాణం 2020లో వెలువడింది. అయినా పాత 0183 పోలేదు. చేతిలో పట్టుకునే జీపీఎస్ నుంచి పెద్ద వాణిజ్య నౌకల పరికరాల వరకు నేటికీ వాడుకలో ఉంది.