యూఎస్ఏఎఫ్ 1951 పరీక్షా పటం

యూఎస్ఏఎఫ్ 1951 పటం కెమెరా లెన్సు ఎంత సన్నని వివరాన్ని విడదీసి చూపగలదో కొలిచే గీతల పటం. 1951లో అమెరికా వైమానిక దళం ప్రవేశపెట్టిన దీని వివరాలు మిల్-ఎస్‌టీడీ-150ఏ సైనిక ప్రమాణంలో ఉన్నాయి.

పటంలోని ప్రతి అంశంలో మూడు అడ్డగీతలు, మూడు నిలువుగీతలు ఉంటాయి. గీత పొడవు వెడల్పుకు 5 రెట్లు. మధ్య ఖాళీ వెడల్పుతో సమానం. ఆరు అంశాలు కలిసి ఒక వర్గం. సున్నా వర్గం మొదటి అంశంలో మిల్లీమీటరుకు ఒక జత (ఒక గీత, ఒక ఖాళీ) పడుతుంది. అక్కడి నుంచి అంశానికి సుమారు 12 శాతం చొప్పున సాంద్రత పెరిగి, తరువాతి వర్గానికి రెట్టింపవుతుంది. 2వ వర్గం 3వ అంశంలో అది 5.04 జతలు.

పటాన్ని సెన్సరుకు సమాంతరంగా నిలిపి ఫొటో తీసి, మూడు గీతలూ విడివిడిగా తెలిసే చివరి అంశాన్ని గుర్తిస్తారు. ఫొటో అంచుల దగ్గర నిలువుగీతలు తేటగా ఉండి అడ్డగీతలు అలుక్కుపోతే అది సాధారణంగా ఆస్టిగ్మాటిజం లక్షణం. నాలుగు మూలల్లో ఒక్కటే మసకబారితే లోపలి గాజుబిళ్ల కేంద్రం తప్పి ఉండవచ్చు. పటం కాస్త ఒరిగినా ఇదే కనిపిస్తుంది కాబట్టి, లెన్సును తప్పుపట్టే ముందు అమరిక సరిచూడటం తప్పనిసరి. ‘చివరి అంశం’ ఏదన్నది చూసే కంటిని బట్టి మారుతుంది. అందువల్ల తయారీదారులు కాంట్రాస్టును అంకెల్లో చెప్పే ఎంటీఎఫ్ వక్రరేఖలనే ప్రచురిస్తారు.