హై నూన్: ఒక చిత్రము, దాని కాలము

అమెరికా పశ్చిమ సీమ కథలను చెప్పు చలనచిత్రములకు ‘వెస్టర్న్’ లని పేరు. కుటుంబ పెద్దకు 160 ఎకరముల చొప్పున భూమి నిచ్చు చట్టము 1862లో వెలువడగా, లక్షల జనము పడమరకు తరలిరి. ఆ భూములు అంతకు ముందు ఆదివాసి జాతులవి. 1890 జనాభా లెక్కలతో సరిహద్దు రేఖ యనునది ఇక మిగులలేదని ప్రభుత్వమే ప్రకటించినది. 1903లో ఎడ్విన్ పోర్టర్ ‘ది గ్రేట్ ట్రెయిన్ రాబరీ’ని తీయునాటికి ఆ యుగము గడచిపోయినది. సుమారు పన్నెండు నిమిషముల ఆ చిత్రములోని గుఱ్ఱములు, తుపాకులు, దోపిడి తరువాతి చిత్రములకు మూలధనమైనవి.

1952లో ఫ్రెడ్ జిన్నెమన్ దర్శకత్వమున వచ్చిన ‘హై నూన్’ మాత్రము వేరు త్రోవ తొక్కినది. ఇందు చివరి ఘట్టము వరకు తుపాకికి పని లేదు, గడియారమునకే పని. ఊరి శాంతిభద్రతల అధికారి విల్ కేన్, ఆ ఆదివారమే వివాహమాడి, ఉద్యోగము విడిచి వెళ్లుచున్నాడు. తాను చెరకు పంపిన ఫ్రాంక్ మిల్లర్ విడుదలయై పన్నెండు గంటల రైలులో వచ్చుచున్నాడని అంతలో వార్త వచ్చును. వెళ్లినవాడు తిరిగి వచ్చి, సాయము కొఱకు ఇంటింటికి పోవును. శిక్ష విధించిన న్యాయమూర్తి మూట కట్టుకొనును. తనను ఆ పదవికి సిఫారసు చేయలేదని ఉపాధికారి అలుగును. ఒక మిత్రుడు లోపల దాగి, ఇంట లేనని భార్యచేత చెప్పించును. చర్చిలో పెద్దమనిషి కేన్‌ను మిక్కిలి పొగడి, కాల్పులు జరిగినచో ఊరికి పెట్టుబడులు రావని, అతడు వెళ్లిపోవుటయే మేలని తేల్చును. కథాకాలము, చిత్రము నడచు సుమారు 85 నిమిషములు దాదాపు సమానమగుటచేత ప్రతి నిరాకరణతోపాటు ప్రేక్షకునకును గడువు తరుగుచుండును.

ఈ కథ వ్రాసిన కార్ల్ ఫోర్‌మన్‌ది కేవల కల్పన కాదు. 1951లో, చిత్రనిర్మాణము జరుగుచుండగనే, కమ్యూనిస్టు సంబంధములను విచారించు శాసనసభా సంఘము అతనిని పిలిపించినది. పూర్వపు సహచరుల పేర్లు చెప్పుటకు అతడు నిరాకరించెను. పరిచితులు దూరమైరి, హాలీవుడ్ తలుపులు మూసికొనినవి, అతడు ఇంగ్లండుకు తరలెను. సింహళమున చిత్రీకరించిన ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’ (1957) రచనలో అతనికి భాగమున్నను తెరపై పేరు పడలేదు. ఆ రచనకు ఆస్కార్ గౌరవము అతడు 1984లో మరణించిన తరువాతనే దక్కినది.

‘హై నూన్’కు నాలుగు ఆస్కార్‌లు వచ్చినవి, కేన్ పాత్రధారి గారీ కూపర్‌ది అందొకటి. అయినను అందఱు మెచ్చలేదు. నిజమైన అధికారి జనమును యాచించునా యని హవర్డ్ హాక్స్ ఆక్షేపించి, జాన్ వేన్ నాయకుడుగా 1959లో ‘రియో బ్రేవో’ తీసి బదులు చెప్పెను. అదియు గొప్ప చిత్రమే. కాని ధైర్యవంతుడగు నాయకుడు ఎన్ని చిత్రములలోనైన కలడు. భయము దాచుకొనక, చెమటలు గ్రక్కుచు, వీలునామా వ్రాసి, ఒంటరిగా వీథిలోనికి నడచిన నాయకుడు అరుదు. గెలిచిన పిదప అతడు అధికార చిహ్నమును దుమ్ములో పడవైచి, ఒక్క మాటయు పలుకక వెళ్లిపోవును.

1989 జూన్ 4న పోలెండు ఎన్నికలకై సాలిడారిటీ పక్షము ముద్రించిన గోడపత్రికపై ఉన్నది ఈ కేనే. చేతిలో తుపాకికి బదులు ఓటు కాగితము. గుండెపై సాలిడారిటీ గుర్తు. హాడ్లీవిల్ జనము తలుపులు వేసికొనిరి; పోలెండు జనము ఓటువేయ బయలుదేరిరి. సెనేటునందలి 100 స్థానములలో 99 ఆ పక్షమునకే దక్కినవి.